పాత బైకు బాగు చేయించాలా, మార్చేయాలా: విశాఖలో ముందు చూడాల్సింది ఇంజన్ కాదు

పాత బండి ఉంచాలా తీసేయాలా అన్న మాట రాగానే అందరి చూపూ ఇంజన్ మీదకే పోతుంది. పొగ వస్తోందా, మైలేజీ పడిపోయిందా, బోరుకొచ్చిందా (సిలిండరు లోపలి గోడ అరిగిందా) అని అడుగుతారు. విశాఖలో మాత్రం ఈ వరస తిరగేయాలి. ఇంజన్ ఎంత అరిగినా డబ్బు పెడితే మళ్ళీ నిలబడుతుంది. పిస్టన్, బ్లాకు, వాల్వులు, క్లచ్ ప్లేట్లు అన్నీ విడిగా దొరికే సామానే. ఉప్పుగాలి తినేసిన చాసీని, రెన్యూవల్‌కి నోచుకోని ఆర్సీని మాత్రం ఏ మెకానిక్కూ బాగు చేయలేడు. అందుకని ముందు చాసీ, తర్వాత కాగితాలు, ఆ రెండూ బాగుంటేనే ఇంజన్ చూడండి. ఇంజన్‌కి పాతిక వేలు పోశాక స్టాండు దగ్గర చాసీ విరిగిన బండి కంటే బాధాకరమైనది ఇంకోటి ఉండదు. అది ముందే తెలుసుకోవడానికి పట్టేది ఒక్క పూట.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 100 నుంచి 150 సీసీ దాకా ఉన్న కార్బరేటర్ బళ్ళ గురించి: స్ప్లెండర్, ప్యాషన్, షైన్, యూనికార్న్, డిస్కవర్, పల్సర్ లాంటివి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలతో వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ళకి చాసీ, కాగితాల భాగం ఇలాగే వర్తిస్తుంది. ఇంజన్ భాగంలో తేడా ఉంది, ఆ మాట తర్వాత వస్తుంది.

చాసీలో తుప్పు ఎక్కడ దాక్కుంటుంది

ఒక టార్చి, చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవరు, వైరు బ్రష్షు దగ్గర పెట్టుకోండి. బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టి సీటు, సైడు ప్యానెళ్ళు తీయండి. వీలైతే ట్యాంకు కూడా దించండి. పెట్రోలు కాక్ మూసి, పైపు ఊడదీసి, వెనక బోల్టు విప్పితే చాలా బళ్ళలో ట్యాంకు వెనక్కి జరిగి చేతికొస్తుంది. బయటికి కనబడే తుప్పు సాధారణంగా ప్రమాదం కాదు. ప్రమాదమంతా నీళ్ళూ మట్టీ చేరి ఆరని మూలల్లో ఉంటుంది.

ఆ మూలలు ఇవి. ట్యాంకు కింద, హ్యాండిల్ కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) కూర్చునే మెడ గొట్టం దగ్గర అతుకులు. బ్యాటరీ పెట్టె కింద (పాత నీళ్ళ బ్యాటరీ నుంచి కారిన యాసిడ్ ఉప్పుతో కలిస్తే రేకు తొందరగా పోతుంది). స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) ఇరుసు చుట్టూ. మెయిన్ స్టాండు, సైడు స్టాండు చెవులు చాసీకి అతికిన చోట. వెనక షాక్ అబ్జార్బర్ల పై బోల్టు దగ్గర. ఇంజన్‌ని పట్టుకునే ప్లేట్ల దగ్గర. లాసన్స్ బే కాలనీ, పెదజాలారిపేట, బీచ్ రోడ్డు వైపు ఆరుబయట నిలిపే బండిలో ఇవన్నీ ఒకేసారి తుప్పు పడతాయి. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల ట్రేలు మోసే బండికి వెనక భాగం మరీ త్వరగా పోతుంది. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు సీటు కిందికి, స్వింగ్ ఆర్మ్ మీదికి నేరుగా కారుతుంటాయి కాబట్టి అలాంటి బండిలో వెనక నుంచే చూడడం మొదలుపెట్టండి.

ప్రతి చోటా వైరు బ్రష్షుతో రుద్దండి. రుద్దగానే తెల్లటి లోహం కనబడితే అది పైతుప్పు. తుప్పు రిమూవరు, ప్రైమరు, పెయింటుతో ఆగిపోతుంది. పొరలు పొరలుగా రాలుతుంటే లోహం మందం తగ్గిందని అర్థం. ఇప్పుడు సుత్తితో మెల్లగా తట్టి చూడండి. గట్టి గొట్టం ఖంగుమంటుంది, లోపల తినేసిన గొట్టం బొద్దుగా మోగుతుంది. చాసీ గొట్టాలు లోపలి వైపు నుంచి కూడా తుప్పు పడతాయి కనుక పైన పెయింటు నున్నగా ఉందని నమ్మకూడదు. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవరు మొన పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కండి. మొన దిగిందా, అక్కడ చాసీ లేనట్టే.

ఏది వెల్డింగ్‌తో సరిపోతుంది, ఏది సరిపోదు అన్నది తుప్పు ఉన్న చోటును బట్టి తేలుతుంది. సీటు వెనక గ్రాబ్ రెయిలు పట్టుకునే కమ్మీ, సైడు స్టాండు చెవి, ఫుట్ రెస్టు బ్రాకెట్టు లాంటివి మంచి వెల్డరు చేతిలో బాగుపడతాయి. మెడ గొట్టం, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, కింది ఇంజన్ మౌంటు దగ్గర కన్నం పడితే మాత్రం ఇంక ఆలోచించొద్దు, బండి మార్చేయండి. బ్రేకు వేసినప్పుడు, గుంతలో పడినప్పుడు వచ్చే బరువంతా అక్కడే పడుతుంది. పలచబడ్డ లోహం మీద వెల్డింగ్ వేస్తే అతుకు గట్టిగానే ఉంటుంది, దాని పక్కన వేడికి బలహీనపడ్డ లోహం చీలుతుంది. ఆ చీలిక నడిరోడ్డు మీద బయటపడుతుంది.

చాసీ వంకర కూడా చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చేనాటికే ఊళ్ళో తిరుగుతున్న బండైతే, లేదా దాని చరిత్ర మీకు తెలియకపోతే తప్పకుండా చేయండి: చెట్టో గోడో మీద పడి వంగిన చాసీ పెయింటు కింద తెలియదు. వెనక టైరు రెండు పక్కలకీ ఆనేలా పొడవాటి నూలు తాడు లాగి ముందు చక్రం దాకా తీసుకురండి. హ్యాండిల్ తిన్నగా పెట్టినప్పుడు ముందు టైరుకీ తాడుకీ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటే ముందు చైన్ అడ్జస్టర్ల గుర్తులు రెండు వైపులా సమానంగా ఉన్నాయో లేదో చూడండి. చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది. అవి సరిగా ఉండీ తేడా వస్తే ఫోర్కో (ముందు చక్రాన్ని పట్టుకునే జంట పైపులు), చాసీయో వంగింది. ఫోర్కు మార్చుకోవచ్చు.

ముందు ఫోర్కు పైపుల మీద గోరు నిలువుగా గీయండి. సముద్రం పక్క బళ్ళలో క్రోమ్ ఊడి సన్నటి గుంటలు పడతాయి. గోరు తట్టుకుంటే అక్కడ ఆయిల్ సీలు చిరుగుతుంది. సీళ్ళు మార్చినా నెల తిరక్కుండా మళ్ళీ ఆయిలు కారుతుంటే తప్పు సీళ్ళది కాదు, పైపులది. పైపులు మార్చాలి. ఇది ఖర్చే గానీ బండి వదులుకోవాల్సినంత కారణం కాదు. తుప్పు పట్టిన సైలెన్సరు, రిమ్ములు, స్పోకులు కూడా అంతే, ఖర్చు జాబితాలో రాసుకోండి.

కాగితాలు

సొంత వాడకం బండికి ఆర్సీ మొదట 15 ఏళ్ళకి ఇస్తారు. ఆ తర్వాత అయిదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించాలి. ఏపీ 31 నంబరుతో తిరుగుతున్న పాత బళ్ళు చాలావరకు ఆ గడువుకి దగ్గరపడ్డవో, దాటినవో. ఆర్సీలో ఉన్న చివరి తేదీ ముందు చూడండి. ఫారం 25తో దరఖాస్తు పెట్టుకోవాలి, గడువుకి 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు అమల్లో ఉండాలి. బండిని ఇన్‌స్పెక్టరు చూస్తారు. పాత లోను తీరిపోయినా ఆర్సీలో ఫైనాన్సు కంపెనీ పేరు అలాగే ఉంటే ముందు దాన్ని తీయించుకోవాలి. దీనికోసం పట్టే తిరుగుడే చాలామందికి అసలు సమస్య.

రెన్యూవల్ రుసుము మోటార్‌సైకిలుకి 2022 ఏప్రిల్ నుంచి 1,000 రూపాయలు. 20 ఏళ్ళు దాటిన వాటికి 2025 ఆగస్టులో 2,000 చేశారు. ఆలస్యమైతే నెలకి 300 చొప్పున జరిమానా కలుస్తుంది. రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్సు వేరు. గడువు దాటి మూడు నాలుగేళ్ళయిన బండి మీద పేరుకున్న మొత్తం ఎంతో కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్ పోర్టల్లో చూసుకున్నాకే మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. రిపేరు ఖర్చుకి ఇదీ కలవాలి.

ఇక్కడే ఉప్పుగాలికీ కాగితాలకీ ముడి ఉంది. రెన్యూవల్‌కి చాసీ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీస్తారు. చాలా బళ్ళలో ఆ నంబరు మెడ గొట్టం మీద ఉంటుంది, అంటే తుప్పు ఎక్కువ పట్టే చోటే. నంబరు మీద ఎమరీ కాగితంతో గట్టిగా రుద్దితే అంకెలు చెరిగిపోతాయి. కిరోసిన్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో నానబెట్టి తుడవండి, చదవగలిగితే వెంటనే గ్రీజు పూసి ఉంచండి. అన్ని అంకెలూ కనబడకపోతే ఆ బండి మీద పెద్ద ఖర్చు పెట్టే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగాలి. పోలిక దొరకని నంబరుతో రెన్యూవల్ జరగదు. రెన్యూవల్ లేని బండితో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

ఇంజన్‌ని విప్పకుండా తెలుసుకోవడం

చాసీ గట్టిగా ఉండి, కాగితాలు నడిచేలా ఉంటే ఇప్పుడు ఇంజన్ చూడండి. మైలేజీ పడిపోయిందన్న ఒక్క కారణంతో ఎవరూ ఇంజన్ విప్పించొద్దు. మెయిన్ స్టాండు మీద రెండు చక్రాలూ చేత్తో తిప్పి చూడండి, బ్రేకు పట్టేస్తుంటే చక్రం ఒక చుట్టు తిరక్కుండానే ఆగుతుంది. బ్రేక్ క్యామ్ తుప్పు పట్టి షూలు వెనక్కి రాకపోవడం ఇక్కడి బళ్ళలో మామూలే, విప్పి గ్రీజు పెడితే పోతుంది. వన్ టౌన్, జ్ఞానాపురం వైపు తిరిగే బండికి పోర్టు నుంచి వచ్చే బొగ్గు ధూళితో ఎయిర్ ఫిల్టరు నల్లగా పూడిపోతుంది. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా సగానికే మార్చుకోవడం మంచిది. ఇవన్నీ సరిచేసి, టైర్లలో గాలి స్టిక్కరు మీద ఉన్నంత నింపి, ట్యాంకు నిండా పోసి 200 కిలోమీటర్లు నడిపి మళ్ళీ నింపి కొలవండి. ఒక లీటరు పోసి చూసిన లెక్క నమ్మదగ్గది కాదు.

బండి అదురుతూ ఐడిల్‌లో ఆగిపోతుంటే కూడా తప్పు ఇంజన్‌దే కానక్కర్లేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, నీళ్ళు ఎక్కువైతే రెండూ కలిసి ట్యాంకు అడుగుకి దిగుతాయి. విశాఖ తేమలో, సగం ఖాళీ ట్యాంకుతో వారాలపాటు నిలిపిన బండిలో ఇది సులువుగా జరుగుతుంది. అడుగున తుప్పు పుట్టి ఆ పొడి కార్బరేటర్ జెట్లకి అడ్డం పడుతుంది. పాత రబ్బరు పైపులు, ఓ-రింగులు ఉబ్బి పగులుతాయి. ట్యాంకు కడిగించి, పెట్రోలు పైపు, కార్బరేటర్ రిపేరు కిట్టు మార్చి, మధ్యలో చిన్న ఫిల్టరు పెట్టించండి. కొన్ని వందలతో తేలిపోయే పనికి ఇంజన్ దింపించుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

పొగని రంగుతో పాటు వేళని బట్టి చదవాలి. చలి ఉదయం స్టార్టు చేయగానే వచ్చి పోయే తెల్ల ఆవిరిని పట్టించుకోనక్కర్లేదు. నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ మండుతోంది, కార్బరేటరో ఎయిర్ ఫిల్టరో చూడాలి. నీలి పొగ అంటే ఇంజన్ ఆయిలు మండుతోంది. రాత్రంతా నిలిపాక స్టార్టు చేసినప్పుడు ఒక్కసారి వచ్చి ఆగితే వాల్వు స్టెమ్ సీళ్ళు. సింహాచలం ఘాట్ లాంటి దిగుడులో ఎక్సలేటరు వదిలి దిగి, కింద మళ్ళీ అందుకోగానే బుస్సుమని వస్తే కూడా సీళ్ళో, వాల్వు గైడ్లో. ఎక్కుడులో లాగుతున్నంతసేపూ వస్తూనే ఉంటే పిస్టన్ రింగులు, బోరు. సీళ్ళ పని హెడ్డు విప్పితే అయిపోతుంది, బోరు పని దానికి కొన్ని రెట్లు.

ఎక్కుడులో ఇంజన్ గొంతు పెంచుతోంది గానీ బండి కదలడం లేదంటే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. గొంతూ పెరగక, బండీ లాగకపోతే కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) తగ్గిందని అనుమానించాలి. విశాఖలో ఈ పరీక్షకి ఎక్కుళ్ళకి కొదవ లేదు. వెనక ఒకరిని ఎక్కించుకుని మూడో గేరులో కైలాసగిరి వైపు ఎక్కిస్తే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

కంప్రెషన్ గేజీ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. ఇంజన్ వేడిగా ఉండాలి, చోక్ తీసేసి, ఎక్సలేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని, అయిదారు కిక్కులు గట్టిగా కొట్టాలి. వచ్చిన అంకెని ఆ మోడల్ సర్వీసు పుస్తకంలో ఉన్న దానితో పోల్చాలి. తక్కువ వస్తే ప్లగ్గు రంధ్రంలోంచి ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. ఇంజన్ ఆయిలు పోసి మళ్ళీ కొట్టండి. అంకె బాగా పెరిగితే రింగులూ బోరూ అరిగాయి, ఆయిలు ఆ సందుని కాసేపు మూసింది. పెరక్కపోతే లీకు వాల్వుల దగ్గర. గేజీ లేకుండా "బోరుకొచ్చింది" అనేవాళ్ళ మాట మీద మాత్రం వెళ్ళకండి.

చివరగా పాత ఆయిలు. తీసిన ఆయిలుని పలచటి తెల్ల గుడ్డలో వడకట్టి అయస్కాంతం పెట్టండి. బూడిద రంగు మెత్తటి పేస్టు మామూలే. తళుకుమనే రేకులు అంటుకుంటే బేరింగో, గేరో ఊడుతోంది. ఆయిలు పాల టీ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు వెళ్ళాయి. వరద నీట్లో మునిగిన బండిని ఆయిలు మార్చకుండా, ప్లగ్గు తీసి నీళ్ళు కక్కించకుండా కిక్కు కొట్టొద్దు. సిలిండర్లో నీళ్ళు గాలిలా నలగవు, పిస్టన్ కింద ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

హాఫ్ ఇంజన్, ఫుల్ ఇంజన్

షెడ్డుల్లో హాఫ్ ఇంజన్ అంటే పైభాగం: బోరు, పిస్టన్, రింగులు, హెడ్డు, వాల్వులు, సీళ్ళు, టైమింగ్ చైన్, గ్యాస్కెట్లు. ఫుల్ ఇంజన్ అంటే కేసు చీల్చి క్రాంకు (పిస్టన్ కదలికని తిప్పుడుగా మార్చే ఇరుసు), కనెక్టింగ్ రాడ్డు, బేరింగులు, గేర్లదాకా. మొదటిది 100 సీసీ బండికి దాదాపు ఎప్పుడూ గిట్టుబాటే. రెండోది అనుమానమే. సామాను ఖర్చు ఒక్కటే కాదు, ప్రెస్సు మీద క్రాంకు తిన్నగా కూర్చోబెట్టే చెయ్యి అందరికీ ఉండదు. అది కొంచెం వంకరగా కూర్చున్నా వైబ్రేషన్ వచ్చి కొత్త బేరింగులు కూడా పోతాయి.

ఎంతవరకు వెళ్ళాలన్నది బ్లాకు పైకి తీశాకే తెలుస్తుంది, కనుక మెకానిక్‌తో రెండు అంచెల ఒప్పందం చేసుకోండి. హెడ్డూ బ్లాకూ విప్పి చూపించడానికి, అక్కడితో ఆపేస్తే తిరిగి బిగించడానికి కూలి ఎంతో ముందే మాట్లాడుకోండి. విప్పాక మీరు దగ్గరుండి కనెక్టింగ్ రాడ్డుని పట్టుకుని పైకీ కిందికీ కదపండి. పక్కలకి కొంచెం ఆడటం సహజం. నిలువుగా ఏమాత్రం కదిలినా, టక్కుమన్నా బిగ్ ఎండ్ (రాడ్డు క్రాంకుకి పట్టే చోటి బేరింగు) పోయింది, అది ఫుల్ ఇంజన్ పని. ఆ క్షణంలో లెక్క మళ్ళీ మొదటి నుంచి వేసుకోవాలి. "ఎలాగూ విప్పేశాం కదా" అన్న మాటకి లొంగిపోతే ఖర్చు అక్కడి నుంచే జారిపోతుంది.

బోరు కొట్టించాల్సి వస్తే పిస్టన్ ముందు కొనండి. ఓవర్ సైజు పిస్టన్లు 0.25 మి.మీ. చొప్పున పెరుగుతాయి: 0.25, 0.50, 0.75, 1.00. గీతలు లోతుగా ఉంటే ఒక సైజు దాటేసి వెళ్ళాల్సి రావచ్చు. లేతు షాపులో ఆ పిస్టన్నే చేతికిచ్చి దానికి సరిపడా కొట్టించాలి, ముందు బోరు కొట్టి తర్వాత పిస్టన్ వెతికితే సందు తేడా వచ్చి, బిగుతైతే పట్టేస్తుంది, వదులైతే నెలలోనే పొగ మొదలవుతుంది. ఇప్పటికే 1.00 అయిపోయిన బ్లాకైతే కొత్త బ్లాకు కిట్టే శరణ్యం. యమహా ఆర్15 లాంటి కొన్ని బళ్ళ సిలిండర్లకి లోపల ఇనుప స్లీవు ఉండదు, వాటికి మామూలు బోరింగ్ పనికిరాదు. పని అయ్యాక మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా, బరువు లేకుండా నడిపి ఆయిలు మార్చేయండి. స్ప్లెండర్ లాంటి బండికి ఒకసారికి పట్టేది లీటరు లోపు ఆయిలే, దాంట్లో పొదుపు చూసుకోవద్దు.

తీసేసిన పాత సామాను అంతా వెనక్కి అడిగి తీసుకోండి. చైన్ సెట్టు మార్చినప్పుడు చైనూ రెండు పళ్ళచక్రాలూ ఒకేసారి మార్చాలి. అరిగిన పళ్ళ మీద కొత్త చైన్ తొందరగా సాగిపోతుంది. మార్చాలో లేదో తెలియాలంటే వెనక పళ్ళచక్రం చివర చైన్‌ని వెనక్కి లాగి చూడండి, పన్ను సగానికి పైగా బయటపడితే దాని పని అయిపోయింది.

బీఎస్6 బళ్ళకి వస్తే, వార్నింగ్ లైటు వెలిగిన బండిని స్కానర్ లేని షెడ్డులో విప్పనివ్వకండి. సెన్సరో, కనెక్టరు పిన్ను పచ్చగా చిలుమెక్కడమో అయ్యుండొచ్చు. ఉప్పుగాలికి రాగి పిన్నులు పచ్చబడటం మనకి మామూలే. కాంటాక్ట్ క్లీనరుతో కడిగి బిగించి చూశాకే ఈసీయూ (ఇంజన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె), ఫ్యూయల్ పంపు మాట ఎత్తాలి. ఈసీయూ నిజంగా పోతే మాత్రం దాని ధరతో లెక్క మారుతుంది.

లెక్క ఎలా వేయాలి

రిపేరు ఖర్చు బండి అమ్మకం ధరలో సగం దాటితే వద్దు అంటుంటారు. ఆ సూత్రం తప్పు. మీరు కొంటున్నది రాబోయే మూడేళ్ళ తిరుగుడు. రెండు దారుల్లో ఆ మూడేళ్ళకి ఎంతవుతుందో పక్కపక్కన రాయాలి. కింది అంకెలు లెక్క చూపించడానికే, మీ బండి అంకెలు పెట్టుకోండి.

14 ఏళ్ళ 100 సీసీ బండి, ఇవాళ అమ్మితే 12,000 వస్తుంది. హాఫ్ ఇంజన్, చైన్ సెట్టు, వెనక టైరు, బ్రేక్ షూలు, కోన్ సెట్టు కలిపి 18,000 అన్నారు. నెలకి 700 చొప్పున మూడేళ్ళ మెయింటెనెన్సు 25,200. ఆర్సీ రెన్యూవల్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కలిపి 6,000. మూడేళ్ళ తర్వాత అమ్మకం ధర తగ్గుదల 4,000. మొత్తం 53,200.

కొత్తది ఆన్‌రోడ్డు 95,000 అనుకుందాం, మూడేళ్ళకి 50,000కి అమ్ముడైతే పోయేది 45,000. లోను వడ్డీ 15,000. సర్వీసింగు 10,800. సొంత డ్యామేజీ ఇన్సూరెన్సు 3,000. మొత్తం 73,800.

పెట్రోలు దగ్గర అందరూ పొరబడతారు. పాడైన పాత బండి మైలేజీ 45ని కొత్త బండి 65తో పోలుస్తారు. పోల్చాల్సింది బాగు చేసిన పాత బండి మైలేజీతో. అది 60 ఇస్తే, నెలకి 1,000 కిలోమీటర్లకి లీటరు 110 చొప్పున తేడా 140 రూపాయలే, మూడేళ్ళకి సుమారు 5,000. అంటే పాతది 58,000, కొత్తది 74,000. తేడా 16,000. మూడేళ్ళలో అనుకోని ఖర్చు అంతకు లోపే ఉంటుందని చాసీ పరీక్ష మీకు ధైర్యం ఇస్తే బాగు చేయించండి. చాసీలో పొరలు రాలుతూ, వైరింగు అతుకులతో నిండి ఉంటే ఆ 16,000 ఎక్కువ కాలం ఆగదు, కొత్తదే మేలు.

వడ్డీ లేకుండా చేతి డబ్బుతో కొనేవాళ్ళకి ఈ లెక్కలో రెండు దారులూ దాదాపు సమానమవుతాయి. అప్పుడు నా ఓటు కొత్తదానికే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా కాంబీ బ్రేకు (ఒకటి నొక్కితే రెండు చక్రాలకీ పడేది), ఆపైన ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుని జారకుండా ఆపేది) తప్పనిసరి అయ్యాయి. వానలో బీఆర్‌టీఎస్ రోడ్డు మీద ఆ తేడా తెలుస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కనుక అంతకుముందు వేసుకున్న అంచనాలు పక్కన పెట్టి కొత్త కొటేషన్ తీసుకోండి. ఎంవీపీ నుంచి సిరిపురం దాకా రోజుకి పదిహేను కిలోమీటర్లే తిరిగేవాళ్ళకి గట్టి చాసీ ఉన్న పాత బండి చాలు. అనకాపల్లి నుంచి రోజూ వచ్చిపోయేవాళ్ళకి, రాత్రి షిఫ్టులో స్టీలు ప్లాంటుకి వెళ్ళేవాళ్ళకి బండి దారిలో ఆగడమే పెద్ద నష్టం, వాళ్ళు ఒక మెట్టు ముందే మార్చేయడం మంచిది.

పాత యమహా ఆర్ఎక్స్ 100 లాంటి బళ్ళు ఈ లెక్కలోకి రావు. వాటి ధర ఏళ్ళతో పాటు పెరుగుతోంది, ఉంచుకునేవాళ్ళు ఇష్టంతో ఉంచుకుంటారు. అయితే చాసీ, పెన్సిల్ ప్రింట్ పరీక్ష వాటికి ఇంకా ముఖ్యం.

తీసేయాలనుకుంటే

అమ్మే ముందు ఇంజన్ పని చేయించొద్దు, పెట్టిన డబ్బు ధరలో తిరిగి రాదు. కడిగించి, ప్లగ్గు, ఆయిలు మార్చి, పొల్యూషన్ సర్టిఫికెట్టు తీసుకుంటే చాలు. కొనేవాళ్ళకి తుప్పు ఉన్న చోట్లు దాచకుండా చూపించండి. మెడ గొట్టంలో కన్నం ఉన్న బండిని మాత్రం నడిపేవాళ్ళకి అమ్మకండి, అది ఎవరి ప్రాణం మీదికైనా వస్తుంది. దాన్ని రిజిస్టరైన వాహన స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్టు ఇస్తారు. కొత్త బండి రోడ్డు ట్యాక్సులో దానికి కేంద్ర నిబంధనల ప్రకారం 25 శాతం దాకా రాయితీకి వీలుంది, షోరూంలో డబ్బు కట్టే ముందే ఆ సంగతి అడగండి. పాత ఇనుము కొట్టుకి వేసేస్తే ఇనుము డబ్బులొస్తాయి గానీ ఆర్సీ మీ పేరు మీదే మిగిలిపోతుంది.

వ్యక్తికి అమ్మితే పేరు మార్పిడి కాగితాలైన ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలూ అయ్యాకే తాళం ఇవ్వండి. ఒకే రాష్ట్రంలో అమ్మిన 14 రోజుల్లోగా ఆర్టీవోకి తెలియజేయడం అమ్మినవాళ్ళ బాధ్యత. పేరు మారేదాకా ఆ బండి మీద వచ్చే చలానాలు, ప్రమాదం కేసులు మీ ఇంటికే వస్తాయి. కొన్నవాళ్ళ ఆధార్ కాపీ, తేదీ, వేళ రాసిన డెలివరీ కాగితం దగ్గర ఉంచుకుని, రెండు వారాల తర్వాత పోర్టల్లో బండి నంబరు కొట్టి పేరు మారిందో లేదో చూసుకోండి. మారకపోతే వాళ్ళకి ఫోను చేసి ఊరుకోకుండా డెలివరీ కాగితంతో ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళండి.